గిద్దెడు

పదకొండో నంబరు గది.
గోడ మీద సున్నా నుంచి పది దాకా
నవ్వే ముఖాలు, ఏడ్చే ముఖాలు.
"నీ నొప్పి పదిలో ఎంతమ్మా?"
మరికల్ బస్సు దిగి వచ్చిన కుర్మమ్మ
ఒక్కో ముఖాన్నీ ఆగి ఆగి చూసింది,
తెలిసినోళ్లెవరన్నా ఉన్నారేమోనని.
"పదేంది సారూ,
కుంచెడున్నది."

చార్టులో ఏం రాయాలో తోచక
పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాను.

సంచి నిండా నాలుగేండ్ల కాగితాలు.
రాయచూరు ఎక్స్‌రే, కర్నూలు స్కానింగు,
ఎర్రగోళీల ఖాళీ అట్టలు.
భుజం మీద మూడు చురకల మచ్చలు.
కాగితాలన్నీ కూడబలుక్కున్నట్టు
ఏమీ లేదంటున్నాయి.
"ఏం లేనిది
నన్ను తెల్లార్లు ఎట్ల కూసుండబెడ్తది సారూ?"

డాక్టర్ నుజహత్ ఫిల్ములన్నీ బోర్లా పెట్టింది.
"నొప్పి ఉందమ్మా. నిజంగానే ఉంది."
చెవి దాకా ఎక్కి కూర్చున్న కుడిభుజం
వేలెడంత కిందికి దిగింది.
చీటీ మీద
ఇంకా మందు పేరు పడలేదు.

ఆ తర్వాత అన్నీ మంగళవారాలు.
పొట్ట మీద ఆమె చెయ్యే పెట్టించి
శ్వాస, నిశ్వాస అని నేను పాఠం మొదలుపెడితే
నవ్వింది.
"చాటల పొట్టు ఊదేటప్పటి ఊపిరి, గదేనా?"
అదే.
నేను చదువుకున్నది ఆమె చెరిగి పారేసింది.

వేళ్లు అందినంత ఎత్తున
గోడ మీద వారానికో సుద్దగీత.
మూడు గీతలు ఒకదాని మీదే ఒకటి పడ్డాయి.

ఒకరోజు డాక్టరమ్మ చెప్పింది:
"మందలో దొంగ పడ్డప్పుడు కుక్క మొరిగింది.
దొంగ పోయిండు.
పోయిండని కుక్కకు ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంకా మొరుగుతున్నది."
కుర్మమ్మ కొంచెం ఆలోచించి అంది,
"పోయిండని మీకెట్ల ఎరుక మేడం?"

అప్పుడు చెప్పింది.
పుణె అవతల, రెండు మనుషుల లోతు పునాది గుంత.
సద్ది విప్పే యాళకు కట్ట జారింది.
హన్మమ్మ చెయ్యొక్కటే మన్ను మీద.
పట్టుకొని గుంజింది.
గుంజుతనే ఉన్నది.
"ఇడువు కుర్మక్కా, ఇంక ఇడువు" అని
ఎవరో అన్నరు.
"ఇడిసిన్నో లేదో
నాకు యాదికి లేదు సారూ."

బయట టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు.
డాక్టరమ్మ ఏమీ రాయలేదు.
నేను ఆ కుడిచేతిని చూశాను.
పిడికిలి.
ఐదు వారాలుగా భుజం దగ్గరే తిరుగుతున్నాను,
మణికట్టు దాటి కిందికి
ఒక్కసారీ రాలేదు.

చిటికెన వేలు నుంచి మొదలుపెట్టాం.

మహిమలేమీ జరగలేదు.
రాత్రి గోళీ సగమైంది, పూర్తిగా పోలేదు.
పొద్దున కోయిల్‌సాగర్ కాలువ దాకా నడక.
నెలకోసారి ఈ గదిలోనే ఎనిమిదిమంది ఆడవాళ్లు,
చిట్టీ పాట లాగే
ఈసారి ఎవరి వంతైతే వాళ్లు చెప్తారు,
మిగతావాళ్లు వింటారు.
కుంచెడు మానెడైంది, మానెడు తవ్వెడైంది.
పత్తి ఏరే రోజుల్లో మళ్లీ మానెడుకెక్కింది.
ముఖాల పట్టీ కింద నేను పెన్సిలుతో
గిద్దె, సోల, తవ్వ, మానిక, కుంచం అని రాసుకున్నాను.
తనిఖీకొచ్చినాయన ఇదేం లెక్క అన్నాడు.
కొలత అన్నాను.

నిన్న వచ్చింది.
చెయ్యి సుద్దగీతలన్నీ దాటి
స్విచ్‌బోర్డు అందుకుంది.
సరదాగా ఫ్యాను ఆపి, మళ్లీ వేసింది.
"ఇప్పుడెంత?"
"గిద్దెడు."
"అదీ పోగొడదాం," అన్నాను నోటి అలవాటుగా.
"వద్దు సారూ.
గంతన్న ఉండనియ్యి.
హన్మమ్మది."

బస్సుకు టైమైందని పోయింది.

తర్వాతి నంబరు పిలుద్దామని
తలుపు వైపు, ఎడమకు, తిరగబోయాను.
ఎన్నేండ్ల నుంచో ఆ వైపు
నా మెడ తిరగదు.